అప్‌డేట్: పీఎస్‌పీ-2000లో ఎక్కువ సామర్థ్యం ఉన్న బ్యాటరీ సమస్య తేలింది

ఫుల్ చార్జ్ చూపిస్తూనే, డిస్క్ తిరగడం మొదలవగానే పీఎస్‌పీ (సోనీ వారి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పరికరం) ఆగిపోతోందని, బ్యాటరీ మీద 3600 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని ఉందని ఇక్కడే అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బ్యాటరీనే అనుమానించమన్నవారి మాటే నిజమైంది. రిపేరు చేసే ఆయన దాన్ని పూర్తిగా చార్జ్ చేసి, లోడ్ పెట్టి ఖాళీ చేస్తూ కొలిచారు. వచ్చింది 1000 ఎంఏహెచ్ లోపే. పరికరంతో వచ్చిన అసలు బ్యాటరీదే 1200. అదే సైజులో మూడింతలు ఎలా పడుతుంది? లేబుల్ మీద అంకెలకు ఖర్చేముంది! పైగా లోపలి నిరోధం ఎక్కువ. డిస్క్ మోటారు, వైఫై ఒకేసారి కరెంటు లాగగానే మీటర్‌లో వోల్టేజీ జారిపోవడం నాకూ చూపించారు. పరికరం ఆగిపోయేది అప్పుడే.

ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), మెమరీ కార్డు, చార్జర్ మార్చి చూడటం వల్ల తేడా రాలేదు. కాంటాక్టులు తుడిచినా అంతే.

ఇప్పుడు వాడుతున్నది ఈ మోడల్ కోసమే చేసిన 2200 ఎంఏహెచ్ బ్యాటరీ. అది మందంగా ఉంటుంది కాబట్టి ఉబ్బెత్తు మూత కూడా ఉండాలి, పాత మూత పట్టదు. ఆట సమయం దాదాపు రెట్టింపైంది, చార్జింగ్‌కూ ఆ మేరకు ఎక్కువ సేపు పడుతోంది. వెనుక ఉబ్బు వేళ్లకు ఆసరాగానే ఉంది కానీ, బిగుతు పౌచ్‌లో మాత్రం పట్టడం లేదు.