వాస్తవమా, అభిప్రాయమా: నాలుగో తరగతికి ఎలా చెప్పాలి?

ప్రశ్న (విశాఖపట్నం): పేరా చదివించి "ఇందులో నిజాలేవి?" అంటే, పిల్లలు తమకు నచ్చిన వాక్యాలన్నీ చూపిస్తున్నారు. ఎలా సరిచేయాలండీ?

జవాబు 1: "నిజమేనా" అని కాదు, "సరిచూడగలమా?" అని అడగండి. "ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి 2002లో మ్యూజియం అయింది." రికార్డులు చూస్తే తేలిపోతుంది. "విశాఖలో అంతకన్నా చూడదగ్గది లేదు." ఇది ఏ రికార్డులోనూ తేలదు.

జవాబు 2: తప్పు వాక్యాలూ కలపండి. "కురుసుర 1950లో నౌకాదళంలో చేరింది" అంటే పిల్లలు వెంటనే అభిప్రాయం అనేస్తారు. చేరింది 1969లో. సరిచూడగలిగాం కాబట్టే తప్పని తేలింది, అది అభిప్రాయం కాదు. అసలు చిక్కంతా ఇక్కడేనండీ, తొందరపడొద్దు.

జవాబు 3: తర్వాత కలగలుపు వాక్యం ఇవ్వండి: "1969 నాటి అద్భుతమైన జలాంతర్గామి." "అద్భుతమైన" కింద మాత్రమే పెన్సిల్ గీత గీయించండి. రోజుకు ఐదు వాక్యాలు చాలు.