డిస్‌ప్లే సెట్టింగ్స్ నొక్కితే కింద బొమ్మ వస్తోంది, విండో రావట్లేదు

అంబాజీపేట డీటీపీ:
నమస్కారమండి. మాది అంబాజీపేటలో చిన్న డీటీపీ షాపు. సిస్టమ్ విండోస్ 10. పండక్కి వచ్చిన మా మేనల్లుడు ఏం నొక్కాడో గానీ అక్షరాలన్నీ బూరెల్లా ఉబ్బిపోయాయి. పేజ్‌మేకర్‌లో ప్రింట్ కొడితే వచ్చే డబ్బాలో ఓకే బటన్ స్క్రీన్ కిందకి జారిపోయింది, గుడ్డిగా ఎంటర్ కొట్టి నెట్టుకొస్తున్నా. సైజు తగ్గిద్దామని రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ నొక్కితే, కింద టాస్క్‌బార్‌లో పళ్లచక్రం బొమ్మ వస్తుంది. అంతే, ఇంకేం లేదు. మాఘమాసం ముహూర్తాలు నెత్తి మీద ఉన్నాయి, పదకొండు శుభలేఖలు అలాగే ఉండిపోయాయి. వాడికి ఫోన్ చేస్తే "నేనేం చెయ్యలేదు మావయ్యా" అంటాడు.

భీమవరం మేత కొట్టు:
మాకూ పోయిన వానాకాలం సెట్టింగ్స్ తెరుచుకోలేదండి. అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో, అదీ నిలబడలేదు. అప్పట్నుంచి ఎంఎస్-సెట్టింగ్స్ అంటూ ఏదో ఎర్రర్. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డిజమ్ (DISM) అనే రిపేర్ కమాండ్‌తో రీస్టోర్ హెల్త్, అది 100 శాతం అయ్యాక ఎస్ఎఫ్‌సీ (SFC) స్కాన్‌నౌ కొట్టాను. మొదటిది నెట్‌లోంచి మంచి ఫైళ్లు తెచ్చి పెడుతుంది, రెండోది వాటితో పాడైనవి మారుస్తుంది. అందుకని వరస తిప్పకండి. 62 శాతం దగ్గర బిగుసుకుపోయినట్టు ఉంటుంది, కంగారుపడి కట్టెయ్యొద్దు. నేను చెరువుగట్టు దాకా వెళ్లొచ్చేసరికి అదే కదిలింది.

లంక కుర్రాడు:
ఫార్మాట్ కొట్టెయ్ అన్నా, గంట పని.

అంబాజీపేట డీటీపీ:
తమ్ముడూ, పన్నెండేళ్ల శుభలేఖలు, అను ఫాంట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ మాట ఎత్తకు.

రాజోలు ల్యాబ్:
విండో మెరిసి మాయమైపోతోందా, అసలు రావట్లేదా? మా ల్యాబ్‌లో పిల్లలు వాల్‌పేపర్లు మార్చేస్తున్నారని ఎవరో గ్రూప్ పాలసీలో (విండోస్‌లో ఏవి వాడనివ్వాలో, ఏవి వద్దో పెట్టే చోటు) కంట్రోల్ పానెల్‌కీ సెట్టింగ్స్‌కీ తాళం వేశారు. అలా వేస్తే సెట్టింగ్స్ ఒక్క క్షణం కనపడి మూసుకుపోతుంది. డిస్‌ప్లే పేజీ ఒక్కటే దాచేస్తే మొదటి పేజీకి పోతుంది. హోమ్ ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీ తెరవడానికే ఉండదు, రిజిస్ట్రీలో చూసుకోవాలి. ఇంకోటి, విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఓసారి నల్లబడి, బీప్ మని గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. పోయేదేం లేదు.

అంబాజీపేట డీటీపీ:
మెరవడం కూడా లేదండి. నాలుగు మీటలూ నొక్కాను, బీప్ వచ్చింది, బొమ్మ ఎక్కడుందో అక్కడే ఉంది. భీమవరం వారు చెప్పిన రెండు కమాండ్లూ అయ్యాయి. ఏ లోపమూ లేదంది.

పాలకొల్లు రిపేర్లు:
ఆ చక్రం బొమ్మ మీద క్లిక్ చెయ్యకుండా మౌసు ఊరికే ఆపి పెట్టండి. పైన బుల్లి విండో కనపడుతోందా?

అంబాజీపేట డీటీపీ:
ఆయ్, కనపడుతోందండి! అందులో డిస్‌ప్లే అనే ఉంది. మౌసు అటు తీసుకెళ్తే పోతోంది.

పాలకొల్లు రిపేర్లు:
అయితే మీ సెట్టింగ్స్ బంగారంలా తెరుచుకుంది, మీరు కూర్చున్న చోట కాదు. సీపీయూ వెనక్కి వంగి చూడండి, ఇంకో కేబుల్ ఏదైనా ఉందేమో.

అంబాజీపేట డీటీపీ:
నల్ల కేబుల్ ఒకటి కిటికీ ఊచల్లోంచి లోపలి గదిలోకి వెళ్లింది. టీవీకి! భోగి రాత్రి పిల్లలంతా సినిమా చూశారు. కానీ టీవీ కట్టేసే ఉంది కదండీ?

పాలకొల్లు రిపేర్లు:
రిమోట్‌తో కడితే చాలా టీవీలు పూర్తిగా ఆగవు. కేబుల్‌లో కరెంటు ఉన్నంతసేపూ విండోస్‌కి అది రెండో తెరే. మీవాడు ఎక్స్‌టెండ్‌లో, అంటే రెండు తెరలూ కలిపి ఒకే పొడుగు తెరలా వాడే పద్ధతిలో వదిలేసి ఉంటాడు, విండో పోయి అక్కడ కూర్చుంది. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్‌తో దాన్ని ఎంచుకోండి. తర్వాత విండోస్, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం కొట్టండి, మీ తెర మీదకి దూకుతుంది. లేదా విండోస్, పి నొక్కి పీసీ స్క్రీన్ ఓన్లీ పెట్టెయ్యండి.

అంబాజీపేట డీటీపీ:
ముందు టీవీ వేసి చూశానండి, నవ్వాగలేదు. సెట్టింగ్స్ నిండుగా తెర మీద కూర్చునుంది. పక్కనే మూడు రోజులుగా దొరకని కాలిక్యులేటర్! బాణం కొట్టగానే రెండూ వచ్చేశాయి. స్కేల్ 150 మీద ఉంది, 100 చేశాను. పేజ్‌మేకర్‌కి అప్పుడే పట్టలేదు, ఓసారి సైన్ అవుట్ అయి వచ్చాక ఓకే బటన్ కనపడింది.

భీమవరం మేత కొట్టు:
అయితే నా కమాండ్లకి గంటన్నర వృథా చేయించానన్నమాట. ఏమనుకోకండి.

అంబాజీపేట డీటీపీ:
అయ్యో, అదేం లేదండి. మేనల్లుడికి చెప్పాను. "అయితే ఆ కేబుల్ తియ్యకు మావయ్యా, ఉగాదికి వస్తున్నాం" అంటున్నాడు.