పై అంతస్తు వేడి: శ్లాబు పైన ఆపాలా, కింద ఆపాలా?

బెజవాడ_డాబా:
మాది సత్యనారాయణపురం, మా పైన ఇక డాబానే. రోహిణి కార్తె దాకా ఎందుకు, ఏప్రిల్‌లోనే రాత్రి పదకొండింటికి కూడా ఫ్యాను వేస్తే వేడిగాలి కొడుతోంది, ఏసీ ఆగకుండా తిరిగినా గది చల్లబడదు. అమెరికాలో మా బావ వాళ్ళు ఇంటి కప్పు కింద అటకలో గ్లాస్‌వూల్, అదే వేడిని ఆపే గాజు దూది, పరిపించారట, నన్నూ అదే చేయించమంటాడు. మనకి అటకంటే పాత బిందెలు పడేసే చోటు! ఫాల్స్ సీలింగ్ పైన గ్లాస్‌వూల్ పెడతానని ఒకాయన అంటున్నాడు. చేయించొచ్చా?

సైటు_బాబాయ్:
పనిచేస్తుంది గానీ మీకు అది రెండో దారి. వాళ్ళది వాలు కప్పు, కింద ఖాళీ, అందుకని దూది అక్కడ సరిపోయింది. మన శ్లాబు పగలంతా ఎండ తాగి ఆ వేడిని సాయంత్రం నుంచి కిందికి వదులుతుంది, మీరు లోపల ఏం కట్టినా అది కాలడం మానదు, ఎండకి సాగి రాత్రికి ముడుచుకుని పగుళ్ళూ ఇస్తుంది. పైనే ఆపండి. ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు (థర్మోకోల్ లాంటివే, కానీ గట్టి రకం), ఆపైన వాటం చూసి పల్చగా కాంక్రీటు, తెల్ల టైల్స్. వేడిని ఆపడంలో ఆ రెండంగుళాలు రెండు మీటర్ల కాంక్రీటుకి తీసిపోవు. ప్యాకింగ్‌కి వాడే మెత్తటి థర్మోకోల్ అంటగడితే మాత్రం ఒప్పుకోకండి, బరువుకి అణుగుతుంది.

గుంటూరు_ఘాటు:
అంత ఖర్చు ఇప్పుడే ఎందుకండీ, ముందు డాబాకి తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేసి చూడండి. మంచి రకమైతే కొత్తలో ఎండని ముప్పాతిక వంతు వెనక్కి కొడుతుంది. మన దుమ్ముకి తెలుపు తెలుపుగా ఉండదు, ఏటా వేసవి ముందు కడగాలి. సున్నం ఇంకా చవక, కాకపోతే వానాకాలం పోతే మళ్ళీ వేయాల్సిందే. పక్కన తెలంగాణ 2023లో కూల్ రూఫ్‌లకి ఏకంగా పాలసీయే తెచ్చింది.

రేకుల_గది:
మాలాగా రేకులున్నవాళ్ళకి ఒక మాట. మెరిసే ఫాయిల్‌ని రేకుకి అతికించేస్తే దండగ, మధ్యలో అంగుళమైనా గాలి ఖాళీ ఉండాలి.

బెజవాడ_డాబా:
బాబాయ్, పాత ఇల్లు, బరువు తట్టుకుంటుందా? ఇంకోటి, పడకగదికి పడమటి గోడ.

సైటు_బాబాయ్:
షీట్లు తేలికే, బరువంతా పైన వేసే కాంక్రీటుదీ టైల్స్‌దీ. ఇంజనీరుకి చూపించకుండా మేస్త్రీ మాట మీద మొదలెట్టొద్దు. పడమటి గోడైతే డాబాకి ఎంత చేసినా సాయంత్రం ఉడుకు కొంత మిగులుతుంది, ఆ గోడకి బయట నీడ పడేలా ఈ వేసవికి షేడ్ నెట్ కట్టించండి.