అక్షౌహిణి: 2,18,700 అనే సంఖ్య గురించి

ప్రశ్న (కావలి): తిక్కనగారి ఉద్యోగపర్వం పాఠం చెబుతుండగా కౌరవులవి పదకొండు, పాండవులవి ఏడు అక్షౌహిణులని వచ్చింది. ఒక అక్షౌహిణి సేన అంటే రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు అన్నీ కలిపి 2,18,700 అని చెప్పగానే, ఆ అంకెలన్నీ కూడితే పద్దెనిమిది వస్తుందని ఒక విద్యార్థి గుర్తించాడు. పర్వాలు పద్దెనిమిది, యుద్ధం పద్దెనిమిది రోజులు, మొత్తం అక్షౌహిణులూ పద్దెనిమిదే. ఈ సంఖ్యను కావాలనే అలా కూర్చారా? పెద్దలు వివరించగలరు.

సమాధానం (ఒంగోలు): అయ్యా, ముందు ఈ సంఖ్య ఎలా పుట్టిందో చూడాలి. సేనలో అతి చిన్న విభాగం పత్తి. అందులో ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు, వెరసి పది ఉంటాయి. అమరకోశం చెప్పిన క్రమంలో పత్తికి మూడు రెట్లు సేనాముఖం, దానికి మూడు రెట్లు గుల్మం, ఆపైన గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని దాకా ప్రతి మెట్టులోనూ మూడేసి రెట్లు పెరుగుతూ వెళ్లి, చివర మాత్రం పది అనీకినులు కలిసి అక్షౌహిణి అవుతాయి. ఏడు మార్లు మూడుతో హెచ్చిస్తే 2,187, దాన్ని పదితో హెచ్చిస్తే 21,870 పత్తులు. కనుక రథాలు 21,870, ఏనుగులు అన్నే, గుర్రాలు 65,610, కాలిబంట్లు 1,09,350, వెరసి 2,18,700.

అక్షం అంటే ఇరుసు, ఊహిని అంటే సమూహం. పేరు రథాన్ని పట్టే ఏర్పడింది. మామూలు గుణసంధి ప్రకారం ఓకారం రావలసిన చోట వార్తికం (పాణిని సూత్రాలకు అనుబంధ నియమం) ప్రత్యేకంగా వృద్ధిని, అంటే ఔకారాన్ని, విధించింది కనుక, చాలామంది రాసే ‘అక్షోహిణి’ సరికాదు.

ఇక గణితానికి వస్తే, 2,18,700లోని ప్రధాన కారణాంకాలు 2, 3, 5 మాత్రమే: రెండు రెండులు, ఏడు మూడులు, రెండు ఐదులు. దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 72 ఉన్నాయి. ఇంత పెద్ద సంఖ్యలో ఏడు గాని పదకొండు గాని కారణాంకంగా చొరబడకపోవడానికి కారణం పైన చెప్పిన నిర్మాణమే. అంకెల మొత్తం పద్దెనిమిది కావడం మాత్రం నా దృష్టిలో ఉద్దేశపూర్వకం కాదు. తొమ్మిదితో భాగింపబడే ఏ సంఖ్యకైనా అంకెల మొత్తం తొమ్మిది గుణిజమే అవుతుంది. ఇందులో మూడు ఏడు మార్లు ఉండగా 9, 18, 27 లాంటివి తప్ప మరొకటి రావడానికి వీలే లేదు.

ప్రశ్న (నెల్లూరు): అయితే ఏడు అక్షౌహిణులు 15,30,900, పదకొండు అక్షౌహిణులు 24,05,700, రెండింటి అంకెల మొత్తమూ పద్దెనిమిదే కదండీ?

సమాధానం (ఒంగోలు): నిజమేనమ్మా, కానీ రెండు సేనలూ కలిపి 39,36,600, దాని అంకెలు కూడితే ఇరవై ఏడు. కథకు ముఖ్యమైన పద్దెనిమిది అక్షౌహిణుల దగ్గరే ఆ మొత్తం తప్పిపోయింది కనుక, అక్కడ రహస్యం వెతకడం నాకు సమ్మతం కాదు. నన్ను ఆకర్షించేది వేరొకటి. మూడులు బేసి సంఖ్యలో ఉన్నందువల్ల 2,18,700 పూర్ణవర్గం కాదు, 270 వర్గానికి మూడు రెట్లు మాత్రమే. మెట్లన్నిటి లాగే చివరి అక్షౌహిణినీ మరొక మూడు రెట్లు పెంచి చూడండి: 6,56,100 వస్తుంది, అది సరిగ్గా 810 వర్గం.