వంట నేర్చుకోవడానికి రెండేళ్ల డిగ్రీ కావాలా?

ప్రశ్న (టెక్సస్ నుంచి)
మావారిది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4 వీసా. ఇక్కడ పనిచేయడానికి కావలసిన అనుమతి పత్రం (ఈఏడీ) ఇంకా రాలేదు. మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుండే స్థానిక ప్రభుత్వ కాలేజీ) కలినరీ ఆర్ట్స్, అంటే వంట విద్యలో, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఉంది. ఈఏడీ వచ్చాక కేటరింగ్ పెట్టాలని నా కోరిక. ఇంట్లోవాళ్లు మాత్రం డబ్బు దండగ అంటున్నారు. చేరమంటారా?

మిరియాలు
వద్దండీ. నేను ఇక్కడి రెస్టారెంట్లలోనే పనిచేస్తున్నాను. పనిలోకి తీసుకునేటప్పుడు పట్టా ఉందా అని ఎవరూ అడగరు, కత్తి చేతికిచ్చి ఉల్లిపాయలు తరగమంటారు. హెడ్ చెఫ్‌కు సాధారణంగా కావలసింది హైస్కూలు చదువు, ఐదేళ్లు లేదా అంతకు పైబడిన అనుభవం అని అమెరికా కార్మిక శాఖ గణాంకాల విభాగమే చెబుతోంది. జీతం తీసుకుంటూ నేర్చుకునే పనికి ఎదురు ఫీజు కట్టడం ఎందుకు?

కరివేపాకు
మిరియాలు గారూ, మీ సలహా పని చేయగలిగినవారికి సరిపోతుంది. ఈవిడకు ఇప్పుడు ఏ వంటగదిలోనూ జీతానికి పనిచేసే హక్కు లేదు. చదువుకునే హక్కు మాత్రం ఉంది. పోయే జీతమే లేనప్పుడు ఆ రెండేళ్లు నష్టమెలా అవుతాయి?

పైగా ఆవిడ పెట్టాలనుకుంటున్నది కేటరింగ్. రుచి మన ఇళ్లలోనే వస్తుంది, కాదనను. కానీ నలుగురికి వండే చేతికి పెద్ద గిన్నెడు సాంబారును చల్లార్చడం తెలియదు. మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోస్తే అంచులు చల్లబడతాయి, నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. సూక్ష్మజీవులు పెరిగేది అక్కడే. ఇక్కడి ఆహార నియమావళి ప్రకారం 135 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 70కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 41కి మరో నాలుగు గంటల్లో దిగాలి. అందుకు లోతు తక్కువ పళ్లాల్లోకి వంచాలి, ఐసు నీళ్లలో పెట్టి కలుపుతుండాలి. పులిహోర కోసం ముందురోజే వండి బయట వదిలేసిన అన్నం కూడా ప్రమాదమే. అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

ఇక లెక్కలు. పౌను రెండు డాలర్లకు కొన్న కోడిలో ఎముకలు, తోలు పోగా అరవై శాతమే మిగిలిందనుకోండి, మాంసం ధర పౌనుకు మూడు డాలర్ల ముప్పై మూడు సెంట్లు. ప్లేటు ధర రెండు డాలర్ల మీద కట్టినవారు ప్రతి ఆర్డరుకూ నష్టపోతారు. ఇవన్నీ కూర్చోబెట్టి నేర్పే తీరిక ఏ యజమానికుంది?

మిరియాలు
జీతం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ ఉష్ణోగ్రతలన్నీ ఫుడ్ మేనేజర్ సర్టిఫికెట్ పుస్తకంలో ఉంటాయి. కొద్దిరోజులు చదివితే చాలు, రెండేళ్లు అక్కర్లేదు.

కరివేపాకు
అంకెలు వస్తాయండీ, అలవాటు రాదు. కాలేజీ వంటగదిలో థర్మామీటరు గుచ్చి చూపించందే గురువు పళ్లెం కదలనివ్వరు. అయితే ఎక్కడ చేరతారన్నది ముఖ్యం. నా మాట కమ్యూనిటీ కాలేజీకే. భారీ ఫీజులు తీసుకునే ప్రైవేటు వంట బడికైతే నేనూ వద్దనే అంటాను. లె కోర్డాన్ బ్లూ పేరుతో అమెరికాలో నడిచిన బడులన్నీ 2017 కల్లా మూతపడ్డాయి. అప్పుచేసి చదివినవారికి వంటవాడి జీతంతో అది తీర్చడం నరకం.

ప్రశ్న అడిగినవారు
కోర్సు చివర్లో బయటి రెస్టారెంట్లో ఎక్స్‌టర్న్‌షిప్ (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) తప్పనిసరి అని రాసి ఉంది. హెచ్-4 మీద కుదురుతుందా?

కరివేపాకు
చేరకముందే తేల్చుకోవలసింది అదే. జీతం లేకపోయినా అది పనికిందికి రావచ్చు, కాబట్టి ఇమిగ్రేషన్ వకీలును అడగండి. దాని బదులు కాలేజీ వంటగదిలోనే చేసే కోర్సు ఇస్తారేమో విభాగాధిపతిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. స్థానికులకుండే తక్కువ ఫీజు మీకు వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. ఈలోగా ఒక సెమిస్టరు ఆహార భద్రత, ఖర్చుల లెక్క (కాస్టింగ్) క్లాసులు మాత్రం తీసుకోండి. ఆ రెండూ నచ్చకపోతే కేటరింగ్ ఆలోచన అక్కడే ఆపేయవచ్చు.