కడుపులున్న బిడ్డ కంటికి జన్యుచికిత్స: కావాల్నా, వద్దా?

కాజీపేట_వంశీ: ఎలుకల మీద 2004లనే చేసి చూపించిన్రు. తల్లి కడుపుల ఉన్నప్పుడే పిల్ల కంట్లకు ఏఏవీ అనే, జన్యువును మోసుకపోయే వైరస్ తోని, చూపుకు కావాల్సిన ఆర్‌పీఈ65 అనే జన్యువు పంపితే, పుట్టినంక చూపు వచ్చింది. మనుషులకు ఇంకా చెయ్యలే. చెయ్యాలంట నేను.

పరకాల_పద్మ: అదే జన్యువుకు పుట్టినంక ఇచ్చే లక్స్‌టర్నా అనే మందుకు 2017ల అమెరికా అనుమతిచ్చింది. రెండు కండ్లకు 8,50,000 డాలర్లు! పరకాలల ఎవరు కొంటరు తమ్మీ?

కాజీపేట_వంశీ: ధర సంగతి తర్వాత పద్మక్కా. పుట్టుకతో చూపు లేకుండ చేసే కొన్ని జన్యులోపాలల్ల, కంటి వెనక ఉండే రెటీనా పొర కణాలు పసితనంలనే చచ్చిపోతయి. చచ్చినంక ఏ జన్యువు ఏసినా లాభం లేదు.

పరకాల_పద్మ: ఏఐపీఎల్1 అనే జన్యువు లోపం గసుంటిదే కదా? లండన్‌ల నలుగురు పసిపిల్లలకు ఒక్కో కంట్ల ఇస్తే చూపు మెరుగైందని 2025ల లాన్సెట్ అనే వైద్య పత్రికల వచ్చింది. పుట్టినంక ఇచ్చిందే! ఇగ కడుపుల ఎందుకు? ఆ సూది తల్లి పొట్టలకెల్లి పోవాలె. నెలలు నిండకముందే నొప్పులు మొదలైతే?

నర్సంపేట_సుధ: గట్ల ఇయ్యాలంటే ముందుగాల కడుపుల బిడ్డకు పరీక్ష చెయ్యాలె. అది నేరం కాదా?

కాజీపేట_వంశీ: ఆడా మగా చెప్పుడు నేరం, 1994 చట్టం. జన్యులోపం చూసుడు కాదు. అక్కా, లండన్‌ల వచ్చింది కొంత చూపే. ఇంకా ముందుగాల ఇస్తే ఎంతొచ్చునో చూడొద్దా?

పరకాల_పద్మ: పరీక్ష సంగతి నన్నడుగు. మాది మేనరికం. పెద్దబిడ్డకు చూపు లేదని తెలిసిన్నాటి నుంచి అత్తగారింట్ల మాటలన్నీ నాకే, మా ఆయనకు ఒక్కటి లేదు. రెండోసారి నెల తప్పితే "పరీక్ష చేయించు, తేలితే తీయించుకో" అన్నరు. డాక్టరమ్మ కూడ గదే అన్నది. మందు రాలే, పరీక్ష వచ్చింది. ఎవరి పానం మీదికొచ్చింది?

కాజీపేట_వంశీ: మందు లేదు కాబట్టే తీయించుమన్నరు! ఉంటే ఉంచుకుందురు. మా చెల్లె ఏడ్సుకుంట తీయించుకున్నది, నాకు తెల్వదా?

జనగామ_సారు: నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై ఏండ్లకెల్లి బడిల పాఠం చెప్తున్న. "ఉంటే ఉంచుకుందురు" అన్నవు. మందు లేకుంటే నేను పుట్టొద్దా?

కాజీపేట_వంశీ: సారూ, మిమ్ములను అన్లే.

జనగామ_సారు: నన్నే అన్నవు. ధర కాదు, సూది కాదు. చూపు లేని బతుకు బతుకే కాదని మీరంత ముందే ఒప్పుకొని మాట్లాడుతున్నరు. పద్మమ్మ ఒక్కతే ఒప్పుకోలే.

పరకాల_పద్మ: సారూ, నా బిడ్డకు రేపు చూపొస్తదంటే నేను ఉరికిపోత. అది కూడ అబద్ధం చెప్ప. కానీ దానికోసం ఇంకో తల్లి పొట్టమీద మొదటి ప్రయోగం చెయ్యమని అడగలేను.

కాజీపేట_వంశీ: మా చెల్లె ఒప్పుకుంటదక్కా. ఒప్పుకునేటోళ్లను ఆపకుండ్రి.