విపత్తు వేళ విదేశీ సాయం వద్దనడం సరైనదేనా?

కృష్ణాతీరం:
2018 కేరళ వరదలప్పుడు కొన్ని విదేశీ ప్రభుత్వాలు సాయం చేస్తామంటే కేంద్రం వద్దంది. 2004 సునామీ నుంచీ మన విధానం ఇదేనంది. కానీ 2016 జాతీయ విపత్తు నిర్వహణ ప్రణాళిక చూడండి. మనంతట మనం అడగం గానీ, ఏ దేశమైనా స్నేహభావంతో ఇస్తానంటే కేంద్రం తీసుకోవచ్చని ఉంది. 2021లో ఆక్సిజన్ దొరక్క జనం అల్లాడితే తీసుకున్నాం కూడా. ఇలా ఒకసారి ఒకలా కాకుండా, ఎప్పుడు తీసుకోవాలో చట్టంలోనే రాయాలి.

సీతమ్మధార:
నేను ఒప్పుకోను. 2010 భూకంపం తర్వాత హైతీకి కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆ దేశ ప్రభుత్వం చేతికి వచ్చింది చాలా తక్కువ, మిగతాదంతా బయటి సంస్థల ద్వారానే నడిచింది. సొంత బలం ఉన్న దేశం కాదనడంలో తప్పేముంది?

డల్లాస్ తెలుగు:
ప్రభుత్వాల సంగతి సరే, మా సంగతి చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. నాది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి సొంత సంపాదనలోంచి అక్కడి సేవాసంస్థకి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. మా అన్నయ్య అమెరికా పౌరుడు. భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డున్నా ఆయన పంపేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. పైగా ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఇల్లు మునిగినవాళ్ళు అంతదాకా ఆగగలరా?

సీతమ్మధార:
రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థకి పంపొచ్చు కదండీ.

కృష్ణాతీరం:
అసలు చిక్కు అక్కడే ఉంది. ఎఫ్‌సీఆర్‌ఏకి 2020లో చేసిన సవరణ తర్వాత, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకి ఇవ్వకూడదు. వరదలో పడవ వేసుకుని సందుసందుకీ వెళ్ళేది స్థానిక కుర్రాళ్ళు, చిన్న సంఘాలు. డబ్బేమో పెద్ద సంస్థ దగ్గరే ఆగిపోతుంది. విపత్తు వచ్చిన 3 నెలల వరకైనా ఈ నిషేధం సడలించి, తర్వాత పైసాపైసాకీ లెక్క అడగాలి. విపత్తు సాయానికి చట్టపరమైన అడ్డంకులు ముందే తొలగించుకోమని 2007లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ సదస్సు మార్గదర్శకాలు కూడా ఆమోదించింది.

సీతమ్మధార:
డబ్బు చేతులు మారుతూ పోతే చివరికి ఎక్కడ తేలిందో తెలియట్లేదనే కదా ఆ నిషేధం పెట్టారు! గడువుంటే ఆలోచించొచ్చు. కానీ విపత్తని ప్రకటించేదెవరు? 2005 విపత్తు నిర్వహణ చట్టంలో జాతీయ విపత్తుగా ప్రకటించే వీలే లేదు.

కృష్ణాతీరం:
కేంద్రానికి వదిలేస్తే ఏమవుతుందో వయనాడ్‌లో చూశాం. 2024 జులై 30న కొండచరియలు విరిగిపడ్డాయి. అది తీవ్ర విపత్తేనని కేంద్రం కేరళకి రాసింది డిసెంబరు ఆఖర్లో. అందుకే ఈ సడలింపు మొదలుపెట్టే అధికారం రాష్ట్రానికే ఇవ్వాలి.